బంతిపూల దండ కింద నిద్రపోయిన సర్వర్

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదికి గుడికున్నంత మర్యాద ఉండేది. చెప్పులు బయట, ఏసీ లోపల, మాటలు మెల్లగా. తొంభైల చివర్లో ద్వారకానగర్‌లో ఓ మేడ మీద, కింది మిక్చర్ బండి వాసన కిటికీలోంచి వచ్చే చిన్న ఆఫీసులో నేను ట్రైనీగా చేరాను. క్లయింట్ సర్వర్ (అంటే కొన్ని కంప్యూటర్లు అడగడం, ఒకటి జవాబివ్వడం) అనే మాట అప్పుడు కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతుండేది. మా సీనియర్‌ని ఆఫీసంతా బావ అనే పిలిచేది (ఎవరికి బావో ఎవరికీ తెలీదు). ఆయన నాకు మొదటి పని అప్పగించాడు. ఫిషింగ్ హార్బర్ దగ్గరి ఓ ఐస్ ఫ్యాక్టరీకి ప్రోగ్రాం రాయాలి. బోటు వాళ్లకి ఎంత ఐస్ కావాలో గేటు దగ్గర ఒక కంప్యూటర్‌లో చీటీ కొడితే, ఐస్ దిమ్మలు దించే చోట ఇంకో కంప్యూటర్‌లో అది కనపడాలి. ఆ రెంటికీ మధ్య వ్యవహారమంతా ఫ్యాక్టరీ ఆఫీసు గదిలోని సర్వర్ అనే మూడో కంప్యూటర్ చూసుకోవాలి. "ఇది నిలబడితే నీ ఉద్యోగం పర్మనెంటు. నేదంటే మీ మావయ్య కొట్టుకెల్లి మేకులు తూసుకో" అన్నాడు బావ. గాజువాకలో ఇనప సామాన్ల కొట్టున్న మా మావయ్య నిజంగానే నాకోసం ఒక స్టూలు ఖాళీగా ఉంచాడు.

నేను తెలివంతా సర్వర్‌లోనే పెట్టాను. మిగతా రెండూ ఉత్త మొద్దులు, ఏం కావాలన్నా సర్వర్‌ని అడగాల్సిందే. ఒక్క చోట మారిస్తే అంతటా మారుతుంది, ఎంత అందం! కాయితం మీద బొమ్మ గీసి చూపిస్తే బావ తల గోక్కున్నాడు. "సర్వర్ నేకపోతే ఇయ్యి ఏటి సేత్తాయిరా?" "సర్వర్ ఎందుకుండదు బావా?" అన్నాను. ఆ వయసులో ఎదురుప్రశ్నే జవాబు. దసరా నాడు వచ్చి పని చూస్తానన్నాడు బావ.

ఫ్యాక్టరీ యజమానురాలిని హార్బర్‌లో అందరూ పెద్దమ్మ అనేవారు. పండగ ముందురోజు సాయంత్రం నేను మూడు కంప్యూటర్లూ బిగించడం ముగించేసరికి ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని సర్వర్ గదిలోకి వచ్చింది. "ఈటన్నిట్లోకీ పెద్దదేటి బాబూ?" ఆ ప్రశ్నకోసమే పుట్టినవాడిలా పొంగిపోయాను. "సర్వరే పెద్దమ్మా! దాని మాట లేనిదే మిగతావి ఊపిరి కూడా తీసుకోవు" అన్నాను ఛాతీ విరుచుకుని. "అయితే ఈ ఏడు జనరేటర్‌కి కాదు, దీనికే ఆయుధపూజ" అంది పెద్దమ్మ. (పూజంటే బొట్టు పెట్టడమే అనుకుని నేను ఈలేసుకుంటూ ఇంటికెళ్లాను.)

మర్నాడు తెల్లవారకముందే వెళ్లేసరికి గేటు దగ్గర బోట్ల వాళ్లు మూగి ఉన్నారు. రాత్రి పడ్డ చేపలు పండగని ఆగవు కదా. గేటు కంప్యూటర్ తెర మీద సర్వర్ దొరకలేదన్న ముక్క తప్ప ఏమీ లేదు. గదిలోకి పరుగెత్తితే సర్వర్ మెళ్లో బంతిపూల దండతో, నెత్తిన నిమ్మకాయతో, ప్లగ్గు పీకించుకుని హాయిగా ఉంది.

"ఆపేశారేంటి పెద్దమ్మా!"

"పూజ సేసినాక పనిముట్టు ముట్టుకోం కదా బాబూ. రేపు పొద్దున్న దాకా పడుకుంటాది."

"మరి ఐస్ మిషను ఆపలేదే?"

"అదాగితే సేపలు కుల్లిపోవా? అందుకే అన్నిటి పేరు మీదా పెద్దదాన్నొకదాన్నే పడుకోబెడతాం. పెద్దదేదో నువ్వే సెప్పినావు."

సరిగ్గా అప్పుడే బావ వచ్చి దండ వంకా నా వంకా చూశాడు. నా కళ్ల ముందు మావయ్య స్టూలు మెదిలింది. ఏడుపొచ్చింది, నిజంగానే. "పోనీ ఆ దండ జనరేటర్‌కి మారుద్దామా" అని గొణిగితే పెద్దమ్మ చూసిన చూపుకి రెండడుగులు వెనక్కేశాను. ఈలోగా గేటు మనిషి కేకలేసి చెప్పాడు, దించేవాళ్లు విని దించారు, అన్ని బోట్లకీ ఐస్ అందింది. అంతా సర్దుకున్నాక పెద్దమ్మ నన్ను జాలిగా చూసింది. "మా ఇంటాయన పడుకుంటే నా నోరు ఆగిపోద్దేటి బాబూ? ఆటిక్కూడా కాస్త నోరు పెట్టకపోయావా?"

బావ గోడకి చేరగిలబడి మరీ నవ్వాడు. "దీపావళి దాకా గడువిత్తన్నాను. అది పడుకున్నా ఇయ్యి మాటాడాల" అన్నాడు.

మళ్లీ మొదట్నుంచీ రాశాను. ఇప్పుడు గేటు కంప్యూటర్ చీటీని తన దగ్గరే ఉంచుకుని, దించే చోటికి తనే చెప్పి, సర్వర్ లేచాక వినయంగా అప్పజెబుతుంది. దీపావళి ముందు బావ స్వయంగా ప్లగ్గు పీకాడు. తక్కిన రెండూ ఏమీ పట్టనట్టు కబుర్లాడుకున్నాయి. ఆ సాయంత్రం అందరికీ మిక్చర్ తెప్పించి నన్ను పర్మనెంటు చేశాడు. మరుసటి దసరాకి నేను, దండేసుకుని నిద్రపోతున్న సర్వర్ పక్కనే కూర్చుని, పెద్దమ్మ పెట్టిన పులిహోర తిన్నాను. అంత రుచైన పులిహోర మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు మధురవాడలో అద్దాల ఆఫీసులో పిల్లలు నాకు డిజైన్లు చూపిస్తుంటారు. అంతా విని "దసరాకి ఇది ఏటి సేత్తాది?" అంటాను. వాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. మొన్నొక కొత్తమ్మాయి మాత్రం చూపు తిప్పకుండా "సర్వర్ ఎందుకుండదు సార్?" అంది. ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆనాటి కుర్రాణ్ణి ఇన్నేళ్లకి మళ్లీ చూసినట్టయి, వాడు బోలెడు ముద్దొచ్చాడు. ఆ అమ్మాయిని ఈ దసరాకి పెద్దమ్మ దగ్గరికి నాతో రమ్మన్నాను.