మా కొట్టంలో చావని ఈగలు

ఎంకపల్లి బడిలో ఏడు దాకా చదివి, ముప్పై ఒక్క ఏళ్ళు గోడలకు దోమల మందు కొట్టిన అనంతయ్యను నేను. చేవెళ్ళ నుంచి చిల్కూరు దాకా నా పంపు తడపని కొట్టం లేదు. రెండు పంద్రాగస్టులకు ప్రశంసాపత్రాలు అందుకున్నాను. మందు పడిన గోడను మూడు నెలలు అలకనిచ్చేవాణ్ణి కాదు, ఆడవాళ్ళు ఎంత తిట్టినా సరే. సాయంత్రం డబ్బా అడుగున మిగిలిన మందు మాత్రం పారబోయబుద్ధి కాక, ఇంటికి తెచ్చి మా బర్ల కొట్టానికి కొట్టేవాణ్ణి. రిటైరయ్యాక కూడా కొని కొట్టాను.

కిందటి వానాకాలం పక్కింటి యాదగిరి కూతురు మెదడువాపు జ్వరంతో ఒక్క రోజులో పోయింది. కొట్టాల గోడల పగుళ్ళలో ఉండే ఇసుక రంగు చిన్న ఈగ కుట్టడం వల్లనేనని దవాఖానలో చెప్పారు. నా మనవరాలు అక్షయకు ఐదేళ్ళు. కొట్టానికి ఆనుకున్న గదిలోనే పడుకుంటుంది. అయినా నేను భయపడలేదు.

ఈ ఏడాది వానలకు ముందే ఈగల పరీక్షకు మా పాత ఆఫీసు నుంచి వనిత మేడం వచ్చారు.

"మా కొట్టంల మీకేం దొరకది మేడం. ముప్పై ఏండ్ల సంది మందు తాగిన గోడలు. ఒక్క ఈగ దొరికితే మీసం తీసేస్త."

పాలు పిండుతున్న మా కోడలు సమత నవ్వింది. "ఉన్నయే నాలుగు వెంట్రుకలు, జర చూస్కో మామా."

మేడం గాజు గొట్టంతో నలభై ఈగలు పట్టారు. నేను కొట్టే మందే పూసిన కాగితం లోపల చుట్టిన డబ్బీలో గంటసేపు ఉంచి, ఒక రోజు ఆగి చూశారు. రెండే చచ్చాయి. యాదగిరి కొట్టంలో పట్టినవాటిలో సగం చచ్చాయి.

"నా గోడలయే ఎందుకు చావలే మేడం?"

"కొంచెం కొంచెం మందు తగులుకుంట పోతే బలం లేనివి చస్తయి పెద్దాయనా. తట్టుకున్నవే పిల్లలు పెడతయి. ఇవన్నీ వాటి సంతానమే."

"మందు చిక్కగ కలిపితే?"

"ఇంక ముదురుతయి. పగుళ్ళు పూడ్చుండ్రి, బర్లను దూరం కట్టేయుండ్రి."

గోడ అవతల నిలబడి అంతా విన్న యాదగిరి మెల్లగా అడిగాడు. "నీ కొట్టంల ముదిరిన ఈగలు నా ఇంటికి రావా కాకా?"

అతను లోపలికి వెళ్ళిపోయాడు.

"బర్లను ఏడ కడతం మామా? చుట్టూ ప్లాట్ల వెంచర్ గోడలేనాయె" అంది సమత.

ఆ పగలే మట్టి కలిపి పగుళ్ళు పూడ్చాను. పొద్దు వాలేసరికి ఎండకు మళ్ళీ నెర్రెలిచ్చాయి. సమత అక్షయ మంచాన్ని ముందు గదిలోకి మార్చింది. కొట్టానికీ ఆ గదికీ నడుమ పన్నెండు అడుగులు. అంతకన్నా దూరం మా ఇంట్లో లేదు.