ఎర్ర రంగు వెయ్యని ఇరవై తూటాలు

యాంగోన్ వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట చెబుతాను. డాలర్లు పట్టుకెళితే మడత పడని కొత్త నోట్లే పట్టుకెళ్లండి, చిన్న గీత ఉన్నా అక్కడ తీసుకోరు. కలకత్తా నుంచి విమానం రోజూ ఉండదు కాబట్టి తిరుగు టికెట్టు కూడా ముందే చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, మీరు వెళ్లే పేటలో కరెంటు ఏ వేళ వస్తుందో కనుక్కుని పనులు పెట్టుకోండి.

నేను ఊరు చూడ్డానికి వెళ్లలేదు. అప్పన్న అనే స్నేహితుడికి ఆరేళ్లుగా దాచిన నిజం చెప్పడానికి వెళ్లాను.

అప్పన్న యాంగోన్ తెలుగువాడు. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి సేక్కాన్ రేవులో బస్తాలు మోయడానికి వెళ్లి అక్కడే ఉండిపోయాడట. మా ఇద్దరికీ పరిచయం న్యూజిలాండ్‌లో, వ్యవసాయ యంత్రాలు బాగుచేసే ఒక షెడ్డులో. నేను స్టోర్సు చూసేవాణ్ణి, అతను లేత్ పనివాడు. కుందేళ్లనూ అడవి మేకలనూ వేటాడటానికి అక్కడ లైసెన్సు ఇస్తారు. శనివారాలు ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం.

తూటాలు సొంతంగా తయారుచేసుకునే పిచ్చి ఉండేది నాకు. చిన్న తుపాకీలో పేల్చేసిన ఇత్తడి గొట్టాలను ఏరుకొచ్చి, పొట్టిగా కోసి, మూతిని వెడల్పు చేసి, మామూలుకు రెండింతలకు పైగా బరువున్న లావు గుండును అందులో కూర్చేవాణ్ణి. మొండి ఇత్తడిని సాగదీస్తే చీలుతుంది. ముందు మంట దగ్గర వేళ్లతో తిప్పుతూ మూతిని మెత్తబరచాలి, అడుగుకు మాత్రం వేడి తగలకూడదు. మూతిని సాగదీసే ఉక్కు కండెను అప్పన్నే తన లేత్ మీద తీసిచ్చాడు. అద్దంలా ఉండేది. దాని మీద ఒక్క గొట్టం చిరగలేదు. అలా చేసిన తూటా నెమ్మదిగా పోతుంది, చప్పుడు తక్కువ, వంద గజాల లోపల మేకను నిలబడ్డచోటే కూలుస్తుంది. రెండువందల గజాలు దాటితే విసిరిన రాయిలా కిందికి దిగిపోతుంది. హద్దు తెలిసి వాడేవాడికి అంత మంచి తూటా మరొకటి లేదని ఇప్పటికీ అంటాను.

చిక్కల్లా ఒకటే. మూతి మారినా గొట్టం అడుగున ఫ్యాక్టరీ కొట్టిన ముద్ర మారదు. అది పాత చిన్న తుపాకీ పేరే చెబుతుంది. నా తుపాకీ ఈ లావు గుండుకు తగ్గది, అప్పన్నది మాత్రం ఆ చిన్న తుపాకీయే. నా లావు గుండు దాని బారెల్‌లో పట్టదు, అయినా తూటా ఒక్కోసారి వెనకనుంచి లోపలికి దిగిపోతుంది, పేలిస్తే తుపాకీయే పగులుతుంది. అందుకని మా షెడ్డులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మూతి మార్చిన ప్రతి తూటా అడుగునా, అది బల్ల దిగకముందే, ఆడవాళ్ల గోళ్ల రంగు వెయ్యాలి. ఎరుపు ఉంటే నాది, లేకపోతే అతనిది.

ఒక శుక్రవారం సాయంత్రం ఇరవై తూటాలు చేశాను. రంగు సీసా గడ్డకట్టి ఉంది. పొద్దున్న వేద్దాంలే అనుకుని వాటిని అప్పన్న తుపాకీ తూటాలు వచ్చే ఖాళీ ఫ్యాక్టరీ పెట్టెలో పడేశాను. వేటకు బయల్దేరేముందు షెడ్డు వెనక చెక్క మీద ఒక దెబ్బ కొట్టి గురి సరిచూసుకోవడం మా అలవాటు. అప్పన్న నాకంటే ముందే వచ్చి ఆ పెట్టెలోంచి ఒకటి తీసుకున్నాడు. తుపాకీ అతని ముఖం ముందు పగిలింది. కుడి కన్ను పోయింది.

అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాక, పోలీసులు వచ్చేలోపల, నేను సీసాలో కాస్త ద్రావకం పోసి కదిపి మిగిలిన పందొమ్మిదింటికీ ఎర్ర రంగు వేశాను. నా చీటీ అంటించిన పెట్టెలోకి మార్చాను. పేలిన తూటా అడుగు ఎలాగూ చితికి మసిబారింది. వాళ్లు చూసి, రాసుకుని వెళ్లారు.

మూడో రోజు ఆస్పత్రి మంచం మీద అప్పన్న నా చెయ్యి పట్టుకుని, "నాను అడుగు సూసినాను సూరన్నయ్యా. ఎరుపు లేదు," అన్నాడు.

"ఉంది అప్పన్నా," అన్నాను.

అతను యాంగోన్ తిరిగి వెళ్లిపోయాడు, కొన్నాళ్లకు నేనూ విశాఖపట్నం వచ్చేశాను. మొన్న ఫిబ్రవరిలో బయల్దేరేముందు న్యూజిలాండ్ పోలీసులకు జరిగింది జరిగినట్టు రాసి పంపాను. జవాబు ఏదొచ్చినా కట్టుబడతాను. తుపాకీనీ లైసెన్సునూ అక్కణ్ణుంచి వచ్చేసినప్పుడే అప్పగించేశాను. మంచి పని కదా అని అప్పట్లో అందరితో చెప్పుకున్నాను కూడా. అసలు పని మాత్రం చెయ్యలేదు.

ఉదయం ఆరూ నలభైకి విశాఖపట్నంలో విమానం ఎక్కాను. కలకత్తాలో నాలుగు గంటల ఆగుడు. అక్కడ అన్నం తినేయడం మంచిది, రెండో విమానంలో ఒక బన్నూ నీళ్లూ తప్ప ఏమీ ఇవ్వలేదు. నా పక్కన తెల్లటి జుట్టుతో ఒక పెద్దాయన కూర్చున్నాడు. యాంగోన్‌లో సంచౌంగ్ బజారులో కొట్టు ఉందట. నేను తెలుగు పేపరు తీయగానే నా వైపు తిరిగాడు.

"ఏటి బాబూ, ఏపారమా?"

"కాదండి. స్నేహితుణ్ణి చూడ్డానికి."

"ఏటి అట్టుకెల్తన్నావు ఆడికి?"

"ఏం లేదండి. ఒక మాట చెప్పాలి."

"అయితే కస్టమ్సోల్లు నిన్నేటీ సెయ్యరు," అని నవ్వి, నా బన్ను కూడా తనే తిన్నాడు.

గడియారం గంట ముందుకు తిప్పుకున్నాను. దిగేసరికి అక్కడి టైము మూడున్నర. టాక్సీ బేరం ఎక్కకముందే తేల్చుకోవాలి. ఆ పెద్దాయనే బర్మాలో మాట్లాడి కుదిర్చి, సంచౌంగ్‌లో తనకు తెలిసిన లాడ్జి చెప్పాడు. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, జనరేటరు ఉంది. అప్పన్నకు ఫోన్ చేశాను. ఆరేళ్లలో నేనెప్పుడూ చెయ్యలేదు, పండగలకు అతనే చేసేవాడు. "నిజంగా ఒచ్చీసినావా! పొద్దున్నే బస్సెక్కీ, స్టాపుకాడ ఉంటాం," అన్నాడు.

మర్నాడు ఏడింటికి లాడ్జి ఎదుట బండి దగ్గర మొహింగా తిన్నాను. చేపల పులుసులో సన్నటి బియ్యపు సేమ్యా. ఉల్లికాడలు ఎక్కువ వేయించుకోండి. ఏడున్నరకు అప్పన్న ఉండే తాకేటా పేటకు బస్సు. పజుందాంగ్ కాలువ మీది వంతెన దాటేవరకూ నిలబడే వెళ్లాను. సొరకాయల బుట్టతో ఉన్న ఒకామె నా ముఖం చూసి బుట్ట ఒళ్లోకి తీసుకుని చోటిచ్చింది. ఒంట్లో బాగాలేదనుకున్నట్టుంది.

స్టాపులో అప్పన్న, భార్య నూకరత్నం నిలబడి ఉన్నారు. అతనికి నల్ల అద్దాలు, లుంగీ, ఇస్త్రీ చొక్కా. ఆమె బుగ్గలకు అక్కడి ఆడవాళ్లు పూసుకునే థనకా చెక్క గంధం. ఇంటికి వెళ్లాలంటే పెద్ద రోడ్డు దాటాలి. అప్పన్న భార్య భుజం మీద చెయ్యేసి ఆగాడు.

"రంగేటి?" అన్నాడు.

"బండ్లకి ఎరుపు పడింది. నడు," అందామె, నాతో "సూసినారా బావగారూ, సిగ్నలు కూడా నానే సూడాల," అంది.

"రెండో కన్ను బాగానే ఉందన్నారు కదా?" అన్నాను.

"డాక్టరు రంగులు పోల్చే సుక్కల పుస్తకం సూపించినాడు, అన్నీ సెప్పినాను," అన్నాడు అప్పన్న. "అయినా ఆ యేల కల్ల ముందున్న ఎరుపు కనబడనేదు కదన్నయ్యా. అలాటి కల్లని ఏటని నమ్మమంటావు?"

నూకరత్నం అన్న రామన్నకు అక్కడ లేత్ షాపు ఉంది. అక్కడైనా మెషిను ముట్టుకోడట. గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయే సామాను చూస్తాడు. మంచి పనివాణ్ణి అక్కడ సయా అంటారు, గురువు అన్నంత గౌరవం. ఒకప్పుడు ఇతన్నీ సయా అనేవాళ్లు. ఇప్పుడు ఉలే, అంటే బాబాయ్, అంటున్నారు. ఆ ముక్క కూడా నవ్వుతూనే చెప్పాడు.

నేను ఒక కన్ను తీశాననే లెక్కలో వెళ్లాను. రెండూ తీశానని ఆ రోడ్డు మధ్యలో అర్థమైంది.

ఇంట్లో పాల టీ ఇచ్చింది నూకరత్నం. నేను తాగలేదు. లాడ్జిలో పెద్ద ఉపన్యాసమే తయారుచేసుకున్నాను, చివర క్షమించమని అడగడం కూడా అందులో ఉంది. అదంతా వదిలేసి ముందు శుక్రవారం సంగతి చెప్పాను, తర్వాత శనివారం సంగతి.

అప్పన్న తన గ్లాసు కింద పెట్టాడు.

"మల్లీ సెప్పు," అన్నాడు అప్పన్న.

మళ్లీ చెప్పాను.

"అయితే ఆ తూటాకి ఎరుపు నేదు."

"లేదు."

"నాను అడుగు తిప్పి సూసినాను."

"చూశావు. నువ్వు చూసిందే నిజం."

అతను నల్ల అద్దాలు తీసి చొక్కాతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నూకరత్నం నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆరేల్లు ఈ నోటితో నాను ఏటేటి అన్నానో ఎరుగుదువా? కల్లు నెత్తిమీదెట్టుకున్నావా అన్నాను. ఎరుపు కనబడనోడికి తుపాకెందుకు అన్నాను. మిరగాయలు ఏరమంటే పచ్చియేరి ఎర్రవి నాకొగ్గీసీవోడు. బావగారూ, ఈ నోరు ఇప్పుడు యే నీల్లెట్టి కడుక్కోమంటావు?"

నేను లేచి నిలబడ్డాను.

"పో అన్నయ్యా," అన్నాడు అప్పన్న మెల్లగా. "ఇప్పుడు నువ్వు పో."

వంతెన మీదుగా వెనక్కి వచ్చాను. మధ్యాహ్నం ఏమీ తినలేదు, దాన్ని ప్రాయశ్చిత్తం అనుకోకండి, ఆకలి లేదంతే. సాయంత్రం ఐదింటికి నూకరత్నం ఫోన్ చేసింది.

"రేపు తొమ్మిదికి మా అన్న షాపుకి రావాల. తొమ్మిదికి కరెంటొస్తాది, ఒంటిగంటకి పోద్ది. ఆ యేల్లోనే పనోల్లందరూ ఉంటారు. ఆల్ల ముందర సెప్పాల. ఇంట్లో సెప్పిన నిజం ఇంట్లోనే ఉండిపోద్ది."

"వస్తానమ్మా," అన్నాను. ఆ రోజు ఎవరూ అంత మేలు నాకు చెయ్యలేదు.

తొమ్మిదికి పది నిమిషాల ముందే చేరాను. రేకుల షెడ్డు, మూడు లేతులు, ఐదుగురు బర్మా పనివాళ్లు. అప్పన్న గేటు దగ్గర కుర్చీలోనే ఉన్నాడు, నన్ను పలకరించలేదు. నేను తెలుగులో చెబుతుంటే నూకరత్నం ఒక్కో మాటా బర్మాలో చెప్పింది. పందొమ్మిదింటికి రంగు వేశానన్న దగ్గర ఆగిపోయింది. అప్పన్న కుర్చీ వైపు చూసి, అది కూడా చెప్పింది.

రామన్న చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటి సూరిబాబుగారూ, ఆడోల్ల గోల్ల రంగు పూసి మా బావని గుడ్డోణ్ణి సేసినావా?"

"అవును."

"అవునంటాడు సూడు!" అని నా వంక కాసేపు చూశాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టలేదు. గేటు వైపు తిరిగి అరిచాడు. "బావా! ఆ కుర్సీ మీంచి లెగు. పడవ పంపు షాఫ్టు ఉంది. ఒంటిగంటకి కరెంటు పోద్ది, నీకోసం ఆగదు."

అప్పన్న వచ్చాడు. షాఫ్టు బిగించి, ఉలి దగ్గరికి తెచ్చి, ఆపాడు. ఒంటి కంటికి లోతు సరిగా తెలియదు. వేళ్లతో తడిమి చూసుకుని మొదలుపెట్టాడు. మొదటి ముక్క పాడైంది, సన్నబడిపోయింది. అతను దాన్ని తీసి కిందపడేసి, "ఇది కంటి తప్పు కాదు. సెయ్యి మరిసిపోనాది," అన్నాడు.

పన్నెండున్నరకు రెండోది అయింది. రామన్న కొలిచాడు, మళ్లీ కొలిచాడు, ఏమీ అనకుండా పక్కవాడికిచ్చాడు. వాళ్లలో అందరికన్నా పెద్దాయన దాన్ని బేరింగులో తోసి చూసి, అప్పన్న వైపు తిరిగి ఒక్క మాట అన్నాడు. "సయా."

బస్సు దాకా అప్పన్న నాతో నడిచాడు. నూకరత్నం రాలేదు.

"క్షమించీసినాననుకోకు," అన్నాడు.

"అనుకోను."

"మల్లీ ఒస్తే ఇంటికి రాకు. రత్నం నిన్ను సూసి ఓర్సుకోనేదు. షాపుకి రా. తొమ్మిది తరవాత."

రోడ్డు దగ్గరికి వచ్చాం. అలవాటు కొద్దీ అతని చెయ్యి పక్కకు లేచింది, భుజం కోసం. అక్కడ ఆమె లేదు. నేనున్నాను, కానీ నా మీద వెయ్యలేదు. చెయ్యి దించుకుని తలెత్తి దీపం వైపు చూశాడు. కాసేపు అలాగే చూశాడు.

"ఎరుపు పడింది," అన్నాడు. "దాటు."

తనే ముందు దిగాడు.

మర్నాడు పదకొండింటికి విమానాశ్రయం. రెండు గంటల ముందు వెళితే సరిపోతుంది, వరస తొందరగానే కదిలింది. గడియారం గంట వెనక్కి తిప్పుకున్నాను. ఈసారి పక్కన ఎవరూ లేరు, బన్ను నేనే తిన్నాను.

మూడు రోజులున్నా పగోడా మెట్లెక్కలేదు, బస్సు కిటికీలోంచి బంగారు శిఖరం కనిపించినంతే. అయినా యాంగోన్ బాగా చూశాననే అంటాను. మీరు వెళితే పగోడాతో పాటు తాకేటా బస్సు కూడా ఒకసారి ఎక్కండి. తొమ్మిదికీ ఒంటిగంటకీ మధ్య వెళ్లండి. రేకుల షెడ్డులోంచి లేత్ చప్పుడు వినిపిస్తే గేటు దగ్గర ఆగి, సయా ఉన్నాడా అని అడగండి. గేటు దగ్గరి కుర్చీలో మాత్రం వెతక్కండి, లోపల ఉంటాడు.