ఎడమవైపు సుద్ద గుర్తు

మా పక్క క్వార్టర్‌లో ఉండే మా కాక పోయిన నెలలో చనిపోయారు. పొద్దున మొదటి షిఫ్టు వాళ్లు వెళ్లిన కాసేపటికి ఆయన భార్య చిన్నమ్మ గోడ మీది నుంచి నన్ను పిలిచింది. కేక కాదు, మామూలు పిలుపే. "మీ కాక లేస్తలేడే, ఒక్కసారి రా" అంది. నేను వెళ్లి పట్టుకునేసరికి చెయ్యి చల్లబడి ఉంది. అది ఆయన ఎడమ చెయ్యి. ఆ చేతి కోసమే మేమిద్దరం కొన్ని నెలలపాటు ఒక పడవతో కుస్తీ పట్టాం. ఆ పని పూర్తి కాలేదు. నా వల్లే పూర్తి కాలేదు. ఆయన్ని తలుచుకుంటూ రాస్తున్న ఈ మాటల్లో ఆ సంగతి దాచడం నాకు చేతకాదు.

కాక మాకు రక్తసంబంధం కాదు. గోదావరిఖనిలో మా గోడకు అవతలి మనిషి. గనిలో, మా మాటలో బాయిలో, టింబర్‌మన్‌గా పనిచేశారు. అంటే పైకప్పు కూలకుండా కింద దిమ్మెలు నిలబెట్టే పని. ముందు ఇనుప కడ్డీతో కప్పును కొట్టి చప్పుడు వింటారు. బోలుగా వినిపించిన చోట సుద్దతో గుర్తు పెట్టి, దాని కింద దిమ్మె బిగిస్తారు. ఇంట్లోనూ ఆయనకు అదే అలవాటు. పుచ్చకాయ తెచ్చినా, కొత్త తలుపు పెట్టించినా "కొట్టి విన్నవా?" అని అడిగేవారు. నా పదో తరగతి మెమోను కూడా వేలితో టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని "గట్టిగనే ఉన్నదే" అన్నారు.

మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడికి వెళ్లలేదు. ఇక పది చాలని నాన్న అన్న రోజు కాక వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. "బాయిల దిగినోళ్లం మనం సాలుతం అన్నా. గీ పిల్లను సదువుకోనియ్యి. ఫారం నేను తెస్త" అన్నారు. మరునాడు డ్యూటీ దిగి, ఒంటి మీద బొగ్గు కడుక్కోకుండానే వెళ్లి ఫారం తెచ్చారు. దాని అంచున ఆయన వేళ్ల నలుపు అంటుకుంది. ఆ ఫారంతోనే నేను పాలిటెక్నిక్‌లో చేరాను. ఇప్పుడు ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నాను.

రిటైర్మెంటుకు కొద్దికాలం ముందు కాక కుడి భుజం మీద రాయి పడింది. చెయ్యి మిగిలింది, పట్టు పోయింది. చాయ్ గ్లాసు కూడా నిలిచేది కాదు. ఆయనకు చిన్నప్పటి నుంచీ గోదావరిలో గాలం వేయడమంటే ప్రాణం. ఒక పాత చెక్క పడవ కూడా ఉంది. ఎడమ చేత్తో తెడ్డు వేయగలరు. కానీ తెడ్డు పట్టుకుంటే గాలం కర్ర ఎవరు పట్టుకోవాలి? వలలు వేసే అన్న ఒకతను అప్పుడప్పుడు తోడు వెళ్లి కర్ర పట్టుకునేవాడు. కాకకు అది నచ్చేది కాదు.

"ఒక్కనాడన్న ఒక్కన్నే పోవాలె బిడ్డా. ఒక్క చేప తేవాలె. అంతే" అన్నారు నాతో.

"బాయిల ఉన్నన్ని రోజులు కప్పును సూసిండు. ఇప్పుడు నీళ్లను సూస్తండు. నా మొఖం ఎన్నడు సూస్తడో" అంది చిన్నమ్మ.

"నీ మొఖానికి దిమ్మె పెట్టే పని లేదు కదనే, గందుకే సూడలే" అన్నారు కాక.

అలా గాలం కర్రలు నిలిపే గొట్టాల పని మొదలైంది. నేను ముందు బజారులో దొరికే ప్లాస్టిక్‌ది తెచ్చాను. ఆయన బొటనవేలితో వంచి చూసి, "గిది చేపను ఆపుతదా? చేపనే దీన్ని తీస్కపోతది" అని నవ్వారు. చివరికి పాత ఇనుప సామాను కొట్టులో మూరెడు పొడవున్న రెండు గొట్టాలు ఏరుకున్నాం. కర్ర లోపల తిరగకుండా పైన గాడి కోశాను. అరిగిపోకుండా లోపల సైకిల్ ట్యూబు అతికించాను.

నేను డ్యూటీ నుంచి వచ్చేలోపు ఆయనే ఒంటి చేత్తో వాటిని పడవకు బిగించేశారు. రెండు అంచుల మీద, నిట్టనిలువుగా. కర్రలు పెట్టి, సందుల్లో చెక్క ముక్కలు దిగ్గొట్టారు. "కదుపు సూద్దాం" అన్నారు గర్వంగా. నేను రెండు చేతులతో ఊపినా కదల్లేదు. మరునాడు వలల అన్నతో కలిసి నీళ్లలోకి వెళ్లారు. పెద్ద చేపే పడింది. దారం జుయ్యిమని పోతోంది. కాక కర్రను పైకి లాగబోతే అది రాలేదు. చేప ఊడిపోలేదు, గొట్టం ఊడిపోలేదు, కర్ర నడిమికి విరిగిపోయింది.

ఇంటికొచ్చి విరిగిన ముక్క నా ముందు పెట్టారు. "కదలకుండ నిలవెట్టుడే నేర్సిన బిడ్డా ఇన్నేండ్లు. కదిలేదాన్ని నిలవెట్టుడు నాకేం ఎర్క?"

అప్పుడు నా చదువు బయటికి తీశాను. పడవను కొలిచి కాగితం మీద గీశాను. గొట్టాలు బయటికి వాలాలి, దారాలు చిక్కుపడకుండా దూరం ఉండాలి, తెడ్డుకు అడ్డు రాకూడదు, బోల్టు పలచటి పలకలోకి కాకుండా లోపలి అడ్డకర్రలోకి దిగాలి. అంతా సరిగ్గానే గీశాను. అలాగే బిగించాను. ఒడ్డు మీదే కాకను పడవలో కూర్చోబెడితే, కర్ర అందుకోవడానికి ఆయన ఎడమ చెయ్యి ఛాతీకి అడ్డంగా పోయింది. పట్టు లేని చెయ్యి మధ్యలో నలిగింది. నేను అన్నీ కుడివైపు పెట్టాను.

"బొమ్మ మంచిగున్నది ఇంజినీరమ్మా. గా బొమ్మల కూసున్నది ఎవ్వలు?" అని మెల్లగా అడిగారు.

నా కాగితం మీద ఎవరూ కూర్చోలేదు. రెండు చేతులున్న మనిషి ఎవరో కూర్చుంటాడని అనుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ చేతిని చూస్తూ కూడా.

గొట్టాలు విప్పాం. పాత రంధ్రాలను తారుతో పూడ్చాం. ఈసారి కాగితం లేదు. కాక పడవలో కూర్చుని కళ్లు మూసుకుని ఎడమ చెయ్యి ఊరికే చాచారు. అది ఎక్కడ వాలితే అక్కడ నేను సుద్దతో గుర్తు పెట్టాను. ముందువైపు ఒకటి, చేప కోసం కర్ర కాచుకుని ఉండే చోటు. ఇంకొకటి ఆయన తుంటికి జానెడు వెనుక. చేప పడ్డాక కర్ర తీసి ఆ రెండో గొట్టంలో దించితే, అదే చేత్తో రీలు తిప్పుకోవచ్చు. ఒంటి చేతి మనిషికి చేప పడవలోకి రావాలంటే ఆ రెండోదే ముఖ్యం. ఆయన వేలితో అక్కడ కొట్టి విన్నారు. "గిక్కడ గట్టిగున్నది. పెట్టెయ్" అన్నారు.

ముందుది ఆరోజే బిగించాను. అంతలో డ్రిల్లు బిట్టు విరిగింది. "వచ్చే ఆదివారం పెడతా కాకా" అన్నాను. ఆ ఆదివారం నాకు డ్యూటీ పడింది. తర్వాతి ఆదివారం ఉద్యోగ పరీక్ష. ఆ తర్వాత నదిలో నీళ్లు తగ్గి పడవ ఒడ్డున బురదలో కూర్చుండిపోయింది. ఇప్పుడేం తొందర, నీళ్లు రానీ అనుకున్నాను. గోడ అవతల ఆయన దగ్గు మారుతోంది. దగ్గు చివర ఈల లాంటి చప్పుడు. దవాఖానకు పోతున్నారు, వస్తున్నారు. నాకు వినిపిస్తూనే ఉంది. కొట్టి వినడం నేర్పిన మనిషి చప్పుడు నేను వినలేదు.

ఆయన ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఎందుకో చిన్నమ్మ తర్వాత చెప్పింది. "నేను అడుగుత అంటే వద్దన్నడే. పిల్లకు పరీక్షలున్నయ్, ఫికర్ పెట్టకు అన్నడు."

కర్మ అయ్యాక చిన్నమ్మ పడవను వలల అన్నకు ఇచ్చేసింది. వానలు పడి నదిలోకి నీళ్లు వచ్చాయి. అతను పడవ తీసుకువెళ్లే రోజు నేనూ ఒడ్డుకు వెళ్లాను. అతను ముందువైపు గొట్టం విప్పి నా చేతిలో పెట్టాడు. "ఏమనుకోకు చెల్లె. దీనికి వల చిక్కుకుంటది" అన్నాడు. తప్పేమీ లేదు. వెనుకవైపు కప్పిన టార్పాలిన్ తీస్తే రెండో సుద్ద గుర్తు అలాగే ఉంది, పొడిగా, నిన్న గీసినట్టు.

"ఇక్కడ ఇంకోటి పెట్టాల్సి ఉండె అన్నా."

"ఇప్పుడెందుకు చెల్లె" అన్నాడు, నా వైపు చూడకుండా.

అతను మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, తడి అరచేతిని పడవ ఎడమ అంచు మీద ఆ గుర్తున్న చోటే పెట్టి నెట్టాడు. పడవ తేలింది. అతను ఎక్కి చెయ్యి తీసేశాడు. అక్కడ నల్లటి తడి చెక్క తప్ప మరేమీ లేదు.