పెరుగన్నం కుక్క

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి వేసవిలో నన్ను వాకాడు మండలంలోని ఒక పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. రిటైర్మెంటుకు ముందు నా చివరి పోస్టింగ్ అదే. హోదాలో అసిస్టెంట్ అని ఉన్నా, అసిస్ట్ చేయడానికి అక్కడ వేరే సర్జన్ ఎవరూ లేరు. అధికారినీ నేనే, సూది పొడిచేదీ నేనే.

నేను చేరిన కొత్తల్లోనే, సముద్రపు ఒడ్డు పల్లెలో పోలయ్య అనే మత్స్యకారుడి కుక్క రాజా చనిపోయింది. ముసలిది, మూత్రపిండాలు చెడిపోయాయి. సెలైన్ ఎక్కించడం తప్ప నేను చేయగలిగిందేమీ లేకపోయింది. బోటు ఒడ్డుకు రాగానే చేపలను బోటుకింత, వలకింత, మనిషికింత అని వాటాలు వేస్తారు. పోలయ్య బోటులో రాజాకు కూడా దోసెడు కవళ్ల చేపల వాటా ఉండేది. అది పోయాక కూడా ఆయన ఆ వాటా తీసి, అది కూర్చునే చోట పెట్టేవాడు. ఊళ్లో కాకులు బాగా బలిశాయి.

ఇక కుక్కను పెంచనని పోలయ్య ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన భార్య కాంతమ్మ మాత్రం నా దగ్గరకు వచ్చి, మనిషి సరిగా తినడం లేదనీ, ఒక కుక్కపిల్లను చూసిపెట్టమనీ అడిగింది. నా సర్వీసులో భర్త జబ్బుకు పశువుల డాక్టరు దగ్గర మందు అడిగిన ఇల్లాలు ఆమె ఒక్కతే. కొడవలూరులో తెలిసిన రైతు ఇంటి నుంచి, అచ్చం రాజా రంగులోనే ఉన్న పిల్లను తెప్పించి, టీకా వేసి పంపాను.

వారం తిరక్కుండా కాంతమ్మ దాన్ని చంకనేసుకుని వచ్చింది. వెనకాల పోలయ్య, తనకేమీ సంబంధం లేదన్నట్టు.

"చేప ముట్టడంలా సార్. కానాగంత పులుసు పోసినా మూతి తిప్పుకుంటాది. దీనికేందో పెద్ద జబ్బే ఉండాది" అందామె.

పద్ధతి ప్రకారం ముందు మలద్వారంలో థర్మామీటరు పెట్టి జ్వరం చూశాను. కనురెప్ప కిందికి లాగి రక్తం ఎలా ఉందో చూశాను. పొట్ట తడిమాను. జబ్బేమీ లేదు. రైతుకు ఫోన్ చేస్తే సంగతి తేలింది. ఆ ఇంట్లో నీచు వండరు. పిల్ల పాలు మానినప్పటి నుంచి పెరుగన్నమే తిన్నది.

చేప తినని కుక్కను పెట్టుకుంటే పల్లెలో తలెత్తుకోలేనని, వెనక్కి పంపించేయమని పోలయ్య పట్టుబట్టాడు. అటు వెళ్లే బండి దొరికేదాకా ఉంచుకోమన్నాను. మొదట్లో బండి దొరికిందా అని రోజూ ఫోన్ చేసేవాడు. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి.

గొడ్లకు గాలికుంటు టీకాలు వేయడానికి ఆ పల్లెకు వెళ్లినప్పుడు, కొట్టు నుంచి పెరుగు ప్యాకెట్ పట్టుకుని వస్తూ పోలయ్య కనిపించాడు. పిల్ల ఆయన కాళ్లకు అడ్డం పడుతోంది. ఆవకాయ కూడా కావాల్నా అన్నా అని కొట్టు దగ్గరివాళ్లు ఆటపట్టిస్తున్నారు. బండి దొరికిందని చెప్పాను.

ఆయన వంగి పిల్లను ఎత్తుకున్నాడు. "వద్దులే సార్. రాజా వాటా ఇంకోటి తింటా ఉంటే చూడలేనని భయపడినా. ఇదేమో దాన్ని వాసన కూడా చూడదు. రాజాది రాజాకే ఉండాది" అన్నాడు.

నాకు దుఃఖం వచ్చింది. టీకాల డబ్బా సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

మిగిలిన సర్వీసులో, కుక్క పోయి ఇంకోదాని కోసం వచ్చినవాళ్లకు అలాంటిదే వెతికి ఇవ్వడం మానేశాను. పోయినది ఎక్కడ పడుకునేదో, ఏం తినేదో అడిగేవాణ్ణి. ఆ రెండూ దానికే వదిలేసి, కొత్తదానికి ఇంకో చోటు చూడమనేవాణ్ణి.