సైదులు పేరు మీద కొట్టుకుంటున్న గుండె

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్న. పైకి కనబడదు. బరువు తగ్గమని డాక్టర్ అన్నప్పుడల్లా, ఏ బరువు సార్ అని అడగబుద్ధయితది.

గుండెజబ్బు రక్తసంబంధంలో ఎట్ల దిగుతదో చూసే ఒక ల్యాబ్‌కు ఊర్లు తిరిగి రక్తం తెచ్చేది నా ఉద్యోగం. ఆ రక్తాన్ని మూలకణాలుగా మార్చి, వాటి నుంచి గుండె కణాలు పెంచుతరు. గాజు గిన్నెలో అవి వాటంతటవే కొట్టుకుంటయి.

వేములపల్లి సైదులు సూర్యాపేట మార్కెట్‌ల హమాలీ. వాళ్లన్న నిద్రలనే పోయిండు. రిపోర్టు వచ్చేదాక బస్తాలెత్తొద్దని సైదులుకు డాక్టర్ చెప్పిండు. అన్న సంవత్సరీకం అయ్యేదాక ఇంట్ల ఎవరి నెత్తురూ తియ్యొద్దని వాళ్లమ్మ పట్టుబట్టింది. అయినంక పోయిన. ఒక్కసారికే ఒప్పుకుంది. మల్ల రాకు బిడ్డా, ఈ ఇంట్ల పోయింది చాలన్నది.

సైదులు నవ్విండు. "జర పైలం సారూ. నా గుండెను సీసల తీస్కపోతున్నవ్."

"నాకాడ పైలంగనే ఉంటది," అన్న.

తిరిగొస్తూ మిర్యాలగూడల బిర్యానీకి ఆగిన. ఐసుపెట్టె మూత సరిగ పడలేదు. ఎండల బండి. రక్తం పాడైంది. మల్ల ఆ గడప ఎట్ల తొక్కాలె? తొక్కొచ్చు. ముసలామె తిడుతది, అంతే కదా? ఆ తిట్టుకు భయపడి, నా చెయ్యి నుంచే రక్తం తీసి, సైదులు పేరున్న కొత్త ట్యూబు నింపిన. చిన్న సర్దుబాటు అనుకున్న.

ప్రమాదం లేదని రిపోర్టొచ్చింది. నేనే ఫోన్ చేసి చెప్పిన. సైదులు మల్ల బస్తాలెత్తిండు. కొన్నాళ్లకు కాంటా కాడ కూలిండు. లేవలేదు. రిపోర్టు బాగుంది కదా అని అందరూ ఎండదెబ్బ అన్నరు.

దినాలయినంక ల్యాబ్‌కు పోతే, సైదులు పోయిన సంగతి తెలియని మేడం మైక్రోస్కోప్ చూపించి, మీ సైదులు గుండె ఎంత చక్కగా కొట్టుకుంటుందో చూడండి అన్నది. చూసిన. నా మణికట్టు పట్టుకున్న. రెండూ ఒక్కసారే కొట్టుకుంటున్నయి. అట్ల జరగదు, నేను సైన్సు చదివిన. వేళ్లు తీసిన. గిన్నెలో కణాలు ఆగినయి. నేను మల్ల పట్టుకునేదాక కదలలేదు.

అప్పుడన్నా చెప్పిన్నా? లేదు. బాగుంది మేడం అన్న.

సైదులు భార్య ఇప్పుడు బిడ్డతో కోదాడల ఉంటది. బిడ్డ కబడ్డీ ఆడుతది. మొన్న బస్టాండ్‌ల కనబడి, పిల్లకు పరీక్ష అవసరం లేదులెండి, వాళ్ల నాన్నకే ఏం లేదన్నారుగా అన్నది. ధైర్యంగా అన్నది. ఆ ధైర్యం నేనిచ్చిందే.

ఇయ్యాల ల్యాబ్‌కు నిజం రాసి పంపి, కోదాడ పోయిన. ఆ రిపోర్టు మీ ఆయనది కాదు, నాది అని చెప్పిన. ఆమె కూర్చోమనలేదు. బిడ్డను పిలిచి చెప్పులేసుకోమన్నది. దవాఖానకని ఇద్దరూ నా పక్క నుంచే పోయిన్రు. మన్నించమని నేను అడగలేదు, అడిగే మొఖం లేదు. అయినా సిగ్గులేకుండా ఊపిరి సాఫీగా ఆడుతున్నది.