చిక్కు విడిన మధ్యాహ్నం

డెంగీ జ్వరం తగ్గి ఆసుపత్రి నుంచి మన్సూరాబాద్‌లోని మా ఇంటికి వచ్చేసరికి నా జుట్టంతా మెడ వెనక ఒక్క ముద్దగా అట్టకట్టింది. దువ్వెన దిగదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేనెప్పుడూ వెళ్లే పార్లర్‌కు మా ఆయన బండి మీద తీసుకెళ్లాడు. అక్కడి అమ్మాయి తడిమి చూసి, "ఇది రాదు మేడమ్. మెడ దాక కట్ చెయ్యాల్సిందే" అంది. జ్వరంలో ఏడవనిదాన్ని ఆ కుర్చీలో ఏడ్చేశాను. రేపు వస్తామని చెప్పి మా ఆయన నన్ను బయటికి తీసుకొచ్చాడు. దారిలో ఒక కండిషనర్ సీసా కొని, నన్ను ఇంట్లో దింపి ఆఫీసుకు వెళ్లాడు.

మా అత్తగారిది పోచంపల్లి, మగ్గాల మధ్య పెరిగిన మనిషి. నాది గుంటూరు. పెళ్లయి ఇన్నేళ్లయినా మా మాటలు వంటింటి అవసరాలు దాటేవి కావు. కత్తెర మాట వినగానే ఆమె, "ఎందుకు కోసుడు? ఇట్ల కూసో" అని నన్ను పీట మీద కూర్చోబెట్టి, తను వెనక కుర్చీలో కూర్చుంది. సీసా మీద ఏం రాసుందో చదవమంది. గ్వార్‌తో మొదలై క్లోరైడ్‌తో ముగిసే పొడుగాటి పేరొకటి చదివాను.

"క్లోరైడా? బాత్రూం కడిగేదా ఏంది? జరంపడి లేసిన తలకు అసొంటిది వద్దు."

నాకూ భయమేసి ఫోన్‌లో వెతికాను. "గోరుచిక్కుడు గింజల బంక నుంచి చేస్తారట అత్తమ్మా. వెంట్రుకలను పట్టుకుని మెత్తబరుస్తుందట."

"గోరుచిక్కుడంటే?"

"మీరు గోకరకాయ అంటారే, అదే."

ఆమె పకపకా నవ్వింది. "ఓసి, గోకరకాయనా! ఇంకేందో అనుకుని పరేషానైన."

నా తల తడిపి, అరచేతి నిండా పోసుకుని ముద్దకంతా పట్టించింది. కాసేపటికి వెంట్రుకలు వేళ్ల మధ్య జారసాగాయి. "పోగు చిక్కువడ్తే గుంజొద్దు బిడ్డా. కొసకెల్లి ఇప్పుకుంట రావాలె" అంటూ పాయ తర్వాత పాయ విడదీసింది. మధ్యలో తన పెళ్లికి ముందు చెల్లెళ్లతో పోట్లాడిన ముచ్చట్లు చెప్పింది. నేను మా అమ్మ గురించి చెప్పాను. కొంత జుట్టు ఊడి ఆమె ఒళ్లో పడింది. చాలావరకు నిలిచింది.

చివరికి దువ్వెన నడినెత్తి నుంచి కొసల దాకా ఎక్కడా ఆగకుండా వచ్చింది. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

"ఇగ పో, పండుకో" అంది. లేవబుద్ధి కాలేదు. ఆమె మోకాలికి తల ఆనించి అక్కడే కళ్లు మూసుకున్నాను. సాయంత్రం తలుపు చప్పుడైంది. మా ఆయన ఏదో అడగబోతుంటే, "సప్పుడు చెయ్యకురా, నిద్రవట్టింది" అని ఆమె మెల్లగా అనడం నాకు వినిపించింది.