బండ మీద ఆరిన విత్తనాలు

నా చిన్నప్పుడు మా కొత్త చెలకలో వేసిన పల్లి చేను ఎండిపోయింది. తప్పంతా మా మేనత్తదేనని మా ఇంట్లో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. నేను పక్కన కూర్చుని విన్నాను. విత్తనాలకు ఏం జరిగిందో నాకు తెలుసని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా అత్త బాపుకు సొంత చెల్లెలు. పెళ్ళయిన కొద్ది కాలానికే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. నాగలి వెనక సాలులో విత్తనం వేయడంలో ఆమె అంత ఒడుపు ఎవరికీ లేదు. భర్త పోయినామె విత్తనం ముట్టకూడదని మా వైపు పట్టింపు. పని జరిగినన్నాళ్ళు బాపు దాన్ని లెక్క చేయలేదు.

ఆ ఏడు వ్యవసాయాధికారి మాకూ, మాలాగే కొత్త నేల దున్నిన పక్క చేను వాళ్ళకూ ఒక నల్లపొడి ఇచ్చాడు. అందులో కంటికి కనబడని జీవులుంటాయనీ, అవి పల్లి వేళ్ళలో చేరి మొక్కకు బలమిస్తాయనీ, వాన మొహం చాటేసినా చేను కొన్నాళ్ళు ఓర్చుకుంటుందనీ చెప్పాడు. అత్త చల్లారిన బెల్లం నీళ్ళలో ఆ పొడి కలిపి విత్తనాలకు పట్టించింది.

"నీడకు ఆరబెట్టు అల్లుడా. ఎండ తగిల్తే పొడిల పాణం పోతది" అని నాకు అప్పగించి పనికి పోయింది.

నీడన ఆరాలంటే సాయంత్రం దాకా కావలి కూర్చోవాలి. తోటి పిల్లలేమో బాయిలో ఈతకు పోతున్నారు. విత్తనాలన్నీ ఇంటి వెనక బండ మీద పరిచాను. అరికాలు మోపలేనంత వేడి. తొందరగానే ఆరాయి. ఆమె వచ్చేసరికి మూట కట్టి పెట్టాను.

పూత మీదుండగా వానలు ఆగిపోయాయి. మా చేను పసుపుబారి, తర్వాత మాడిపోయింది. పక్క చేను వాడినా నిలబడింది. ఒకనాడు అత్త పక్క చేన్లో ఒక మొక్క, మా చేన్లో ఒక మొక్క పీకి నా ముందు పెట్టింది. వాళ్ళ మొక్క వేళ్ళ నిండా ఆ జీవులు చేరి కట్టిన చిన్న చిన్న బుడిపెలు. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంది. మా వేళ్ళు నున్నగా, ఉత్త దారాల్లా ఉన్నాయి.

"ఎండల పెట్టినవా?"

"లే."

ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ సాయంత్రం బాపు నలుగురి ముందే అన్నాడు. "ముండమోపి చెయ్యి పడ్డ ఇత్తనం గిట్లనే సస్తది. ఇగ ముట్టకు." అత్త ఒక్కసారి నా వైపు చూసింది. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.

మరుసటేడు నుంచి విత్తే రోజు పొద్దున ఆమె ఎదురు రాకుండా వెనక అర్రలో ఉంచి గొళ్ళెం పెట్టేవాళ్ళం. ఆ పని నాకే అప్పగించారు. "పెట్టు బిడ్డా, పొద్దెక్కుతాంది" అని లోపలి నుంచి ఆమే అనేది. పెట్టేవాణ్ణి. మీసాలొచ్చాకా పెట్టాను.

తెలంగాణ వచ్చాక మా ఊళ్ళో రైతు వేదిక కట్టారు. మొన్న వానాకాలం ముందు అక్కడ అవే జీవులను సీసాల్లో ఇస్తూ, ఎండ తగలనీయొద్దని అధికారి చెప్పింది. నా పక్కనున్నాయన, "మీ అత్త ముట్టకుంటే సాలు, గీ సీసాలెందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. ఇంటికొచ్చే దారిలో నా మీద నాకే రోత పుట్టింది.

అత్త ముందు కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె బియ్యం చెరగడం ఆపలేదు. "నాకు గప్పుడే ఎరుక. తెల్వనోళ్ళకు చెప్పు, పో" అంది.

ఆ ఒక్క తప్పుతోనే చేనంతా పోయిందని ఖాయంగా చెప్పలేను. వాన కూడా లేదు. కానీ ఆమె చెయ్యి తగిలి పోలేదు.

ఆ సాయంత్రమే అందరూ వాకిట్లో ఉండగా బాపు మంచం దగ్గర నిలబడ్డాను. ఆయనకు చెవులు సరిగా వినబడవు. "బాపూ, ఇత్తులు ఎండల పెట్టి పాడు చేసింది నేను. అత్త అడిగితే అబద్ధం చెప్పిన." ఆయన "ఏందిరా?" అన్నాడు. వాడకట్టంతా వినేంత గట్టిగా మళ్ళీ చెప్పాను. బాపు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అత్త కాళ్ళు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది. నిలబడే అన్నాను.

"తప్పు నాది అత్తా. నన్ను మాఫ్ చెయ్యి."